భర్త మొదటి పెళ్లి దాచాడని తెలిశాక ముందు తేల్చుకోవాల్సింది: ఆ పెళ్లి తెగిందా, లేదా?

అమ్మా, నువ్వు రాసిందంతా చదివాను. ఇదే కష్టంలో ఉన్న మరికొందరు కూడా ఈ జవాబు చదవొచ్చు కాబట్టి వాళ్ల కోసం నీ సంగతి నాలుగు మాటల్లో చెబుతాను.

2018లో పెద్దలు కుదిర్చిన పెళ్లి. ఆరేళ్ల పాప ఉంది. నువ్వు ఖమ్మంలో ప్రైవేటు స్కూలు టీచరువి. ఆయన హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలు వస్తాడు. పోయిన నెల ఆయన పేరు మీద ఒక కోర్టు నుంచి రిజిస్టర్ పోస్టు వచ్చింది. విప్పి చూస్తే మనోవర్తి బాకీ కేసు. ఒకటో పిటిషనర్ ‘భార్య’, రెండో పిటిషనర్ పదేళ్ల మైనర్ కొడుకు. నిలదీస్తే, ‘అదంతా గతం, పెద్దమనుషుల్లో ఎప్పుడో తెగిపోయింది’ అన్నాడు. మీ అత్తగారికి మొదటినుంచీ తెలుసు. మీ అన్నయ్య కేసు పెట్టి లోపల వేయిద్దామంటున్నాడు, మీ అమ్మ పాప మొహం చూసి సర్దుకుపొమ్మంటోంది. నువ్వడిగింది: ‘ఇప్పుడు నేను ఆయనకు ఏమవుతాను? ఉండాలా, వెళ్లిపోవాలా?’

నేను ఫ్యామిలీ కోర్టులో చాలాకాలంగా వకీలుగా ఉన్నాను. ఇలా మోసపోయి వచ్చిన ఆడపిల్లల పక్షానా నిలబడ్డాను, ఊళ్లో ఒంటరిగా మిగిలిపోయిన మొదటి భార్యల పక్షానా నిలబడ్డాను. ఆ రెండు వైపులా చూసిన దాన్ని కాబట్టి చెబుతున్నాను: ఉండటమా వెళ్లటమా అన్నది ఈ వారంలో తేల్చుకోకు. నీ చుట్టూ ఉన్నవాళ్లంతా దాని మీదే పట్టుబడతారు. కానీ నీ చేతిలో ఇంకా అసలు విషయమే లేదు. ఆయన గతం అంటున్నది నిజంగా గతమేనా, ఈ రోజుకీ నడుస్తున్న సంసార బాధ్యతా అన్నది తేలకుండా నువ్వు ఏం నిర్ణయించినా అది ఆయన మాట మీద తీసుకున్న నిర్ణయమే అవుతుంది. ఆ మాట ఎంత నమ్మదగిందో ఇప్పటికే చూశావు.

తేల్చుకోవాల్సినవి మూడు తేదీలు. ఆయన మొదటి పెళ్లి ఎప్పుడు జరిగింది? విడాకుల డిక్రీ, అంటే విడాకులిస్తూ కోర్టు ఇచ్చే తీర్పు, అంటూ ఉంటే ఎప్పుడు వచ్చింది? నీ పెళ్లి ఎప్పుడు? నీ పెళ్లి తేదీ కన్నా ముందు డిక్రీ ఉందా లేదా అన్నదాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంది.

ఇక్కడ చాలామంది పొరపడే సంగతి ఒకటుంది. మనోవర్తి కేసు నడుస్తోంది కాబట్టి విడాకులు కాలేదని అనుకోకు. విడాకులు పొందిన భార్య కూడా, తనను తాను పోషించుకోలేని స్థితిలో ఉండి మళ్లీ పెళ్లి చేసుకోకపోతే, మనోవర్తి అడగొచ్చు. కాబట్టి ఆ కవరు ఒక్కటే చూసి నీ పెళ్లి చెల్లదని గుండె బాదుకోవద్దు. అలాగే ఆయన ‘తెగిపోయింది’ అన్నాడని ఊరడిల్లనూ వద్దు.

ఆ ‘పెద్దమనుషుల్లో తెగిపోవడం’ అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. వంద రూపాయల స్టాంపు కాగితం. ‘ఈ రోజు నుండి మా ఇరువురికి ఎట్టి సంబంధము లేదు, ఎవరి దారి వారిది, ఇకపై ఎట్టి తగాదాలు చేయము’ అని చేతిరాత. కింద ఇద్దరి సంతకాలు, నలుగురు సాక్షులు, ఒక్కోసారి సర్పంచ్ సంతకం. కొన్నింటి మీద నోటరీ ముద్ర కూడా ఉంటుంది, దాన్ని చూసి కోర్టు ముద్ర అనుకునేవాళ్లున్నారు. ఆ అమ్మాయి చేతిలో లక్షో రెండు లక్షలో పెట్టి ఉంటారు, లేదా ఇస్తామని రాసి ఉంటారు. చట్టం ముందు ఆ కాగితంతో పెళ్లి రద్దు కాదు. హిందూ వివాహ చట్టం, 1955 కింద విడాకులు ఇవ్వాల్సింది కోర్టే. ఒక్క మినహాయింపు 29వ సెక్షన్‌లో ఉంది. ఒక కులంలోనో తెగలోనో ఆచారం ప్రకారం విడాకులు ఇచ్చే పద్ధతి ఎప్పటినుంచో ఉంటే దాన్ని చట్టం కొట్టివేయలేదు. కానీ అలాంటి ఆచారం ఉందనీ, దాని ప్రకారమే తమకు విడాకులయ్యాయనీ రుజువు చేయాల్సిన భారం ఆయనదే. ‘మా వాళ్లలో ఇలాగే చేసుకుంటాం’ అన్న నోటి మాటతో అది నిలబడదు.

కాబట్టి ముందు ఆయన్ని ఒకే ఒక్క ప్రశ్న అడుగు: ‘డిక్రీ కాపీ ఏది?’ ఉంటే వారంలో తెచ్చి చూపించగలడు. కథలు మొదలుపెడితే లేదనే అనుకో.

ఈలోగా ఆయన మీద ఆధారపడకుండా నువ్వూ చూసుకోవచ్చు. ఆ నోటీసు మీద కేసు నంబరు, కోర్టు పేరు, వాయిదా తేదీ ఉంటాయి. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో గానీ యాప్‌లో గానీ ఆ నంబరు కొడితే కేసు ఎప్పుడు వేశారు, ఏ దశలో ఉంది, ఇరువైపులా లాయర్లెవరు అన్నది కనిపిస్తుంది. అదే చోట పార్టీ పేరుతో వెతికే వీలుంది. ఆ జిల్లా కోర్టుల్లో ఆయన పేరు మీద విడాకుల కేసు ఏదైనా వేశారా అని అందులో చూడు. కుటుంబ కేసుల్లో ఉత్తర్వుల కాపీ ఆన్‌లైన్‌లో దొరకకపోవచ్చు. అప్పుడు కేసుతో నీకున్న సంబంధం చెబుతూ అఫిడవిట్ వేసి, లాయరు ద్వారా సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టుకోవాలి. మీ పెళ్లి రిజిస్టరు అయి ఉంటే ఆ దరఖాస్తు నకలు కూడా తీయించు. పెళ్లికి ముందు తన స్థితి గురించి ‘అవివాహితుడు’ అని అందులో ఆయన రాసి సంతకం పెట్టి ఉంటే, మోసానికి అంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

ఇక తేలిన దాన్ని బట్టి నీ స్థితి ఏమిటో చెబుతాను.

డిక్రీ నీ పెళ్లికి ముందే వచ్చి ఉంటే నువ్వు చట్టబద్ధమైన భార్యవే. ఆయన చేసింది దాపరికం. అంతమాత్రాన అది చిన్నదైపోదు. ఒక పెళ్లి, ఒక కొడుకు ఉన్న సంగతి దాచి నీ ఒప్పుదల తీసుకోవడం, భర్తకు సంబంధించిన ముఖ్యమైన విషయంలో మోసం చేయడమేనని హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద పిటిషన్ వేసి పెళ్లి రద్దు కోరవచ్చు. కానీ దానికి గడువుంది. మోసం బయటపడ్డ రోజు నుంచి ఏడాది లోపు వేయాలి. ఇంకో షరతు ఇంతకన్నా ముఖ్యం. తెలిశాక కూడా నీ ఇష్టపూర్వకంగా ఆయనతో కాపురం చేశావని తేలితే ఆ దారి మూసుకుపోతుంది. మీ అమ్మ చెప్పే ‘కొన్నాళ్లు చూద్దాం’ అన్న మాటలో ఉన్న చిక్కు ఇదే. చూడు, తప్పులేదు. కానీ ఆ కొన్నాళ్లూ నువ్వు పుట్టింట్లోనో వేరే గదిలోనో ఉండి చూడు. నోటీసు వచ్చిన తేదీ తెలిసేలా ఆ కవరు భద్రంగా పెట్టు.

డిక్రీ లేకపోతే విను, కష్టంగానే ఉంటుంది. పెళ్లినాటికి ఏ ఒక్కరికైనా భార్యో భర్తో బతికి ఉండి ఆ పెళ్లి తెగకపోతే, 11వ సెక్షన్ ప్రకారం రెండో పెళ్లి మొదటినుంచీ చెల్లదు. వెయ్యిమంది ముందు జరిగినా, రిజిస్టరు చేయించినా అంతే. ఇప్పుడు ఆయన గబగబా మొదటామె దగ్గర విడాకులు తెచ్చుకున్నా నీ పాత పెళ్లి దానంతటదే చెల్లుబాటు కాదు. ఆ డిక్రీ వచ్చాక మీరిద్దరూ మళ్లీ పెళ్లి చేసుకోవాల్సిందే. ఈ సంగతి చెప్పేవాళ్లు తక్కువ. ‘ఆమెతో సెటిల్ అయిపోయింది, ఇక నీకు భయం లేదు’ అని నమ్మించి వదిలేస్తారు. ఏళ్ల తర్వాత ఇల్లో, పెన్షనో, ఇన్సూరెన్సో పంచుకోవాల్సి వచ్చినప్పుడు ఆ లోటు బయటపడుతుంది.

‘అయితే నాకు ఏ హక్కూ లేదా?’ అని నీ గుండె జారిపోతుందని నాకు తెలుసు. ఉంది. తన మొదటి పెళ్లి దాచి రెండో పెళ్లి చేసుకున్న మగాడు, తన తప్పునే అడ్డం పెట్టుకుని రెండో ఆమెకు మనోవర్తి ఎగ్గొట్టలేడని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్లి చెల్లదని కోర్టు ప్రకటించినా 25వ సెక్షన్ కింద శాశ్వత భరణం అడగవచ్చని 2025 ఫిబ్రవరిలో మళ్లీ స్పష్టం చేసింది. ఎంత ఇవ్వాలి, అసలు ఇవ్వాలా అన్నది కేసు పరిస్థితులను బట్టి జడ్జి నిర్ణయిస్తారు. తెలియక మోసపోయిన దానివి కాబట్టి గృహహింస చట్టం, 2005 కింద రక్షణ, నివాసం, డబ్బు సాయం కూడా అడగవచ్చు. పెళ్లి చెల్లదని డిక్లరేషన్ కోరే పిటిషన్‌ను నువ్వుండే ఖమ్మంలోనే వేయొచ్చు, ఆయన ఊరు వెళ్లి తిరగనక్కర్లేదు.

పాప గురించి నిశ్చింతగా ఉండు. 16వ సెక్షన్ ప్రకారం చెల్లని పెళ్లిలో పుట్టిన పిల్లలు కూడా చట్టబద్ధ సంతానమే. తండ్రి స్వార్జితంలో వాటా ఉంటుంది. ఉమ్మడి ఆస్తిలో తండ్రి భాగానికి వచ్చే దాంట్లో కూడా వాటా ఉంటుందని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి తేల్చింది. ఎవరైనా నీ బిడ్డను ఇంకో రకంగా అంటే ఆ నోరు మూయించడానికి ఈ ఒక్క సెక్షన్ చాలు.

మీ అన్నయ్య అడిగే క్రిమినల్ కేసు సంగతి. నీ పెళ్లి 2018లో జరిగింది కాబట్టి పాత భారత శిక్షాస్మృతే (ఐపీసీ) వర్తిస్తుంది. భార్య ఉండగా రెండో పెళ్లి చేసుకుంటే 494 కింద ఏడేళ్ల వరకు, ఆ సంగతి రెండో ఆమె దగ్గర దాస్తే 495 కింద పదేళ్ల వరకు శిక్ష. 2024 జులై నుంచి జరిగిన వాటికి భారతీయ న్యాయ సంహితలో 82వ సెక్షన్. ఈ కంప్లయింటు మొదటి భార్యే ఇవ్వాలని స్టేషన్లో నిన్ను తిప్పి పంపొచ్చు. అది నిజం కాదు. మోసపోయిన రెండో ఆమె కూడా బాధితురాలే, ఆమె కూడా ఫిర్యాదు చేయొచ్చని 2011లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. స్టేషన్లో తీసుకోకపోతే మేజిస్ట్రేట్ కోర్టులో ప్రైవేటు కంప్లయింటు వేయొచ్చు. అయితే ఆ పని కోపం మీద చేయకు. రెండు పెళ్లిళ్లూ తాళి, సప్తపది వంటి శాస్త్రోక్తమైన తంతుతో జరిగాయని రుజువు చేయాలి. ఏళ్లు పడుతుంది. ఆయన ఉద్యోగం పోతే మీ ఇద్దరి మనోవర్తీ ఎక్కడినుంచి రావాలన్నది కూడా ఆలోచించాలి. వేయొద్దని అనడం లేదు. ఆ నిర్ణయం నీదై ఉండాలి, మీ అన్నయ్యది కాకూడదు.

ఇక ఆమె గురించి. నువ్వు రాసిన దాంట్లో ఆమె ప్రస్తావన వచ్చినచోటల్లా ‘ఆవిడెవరో’ అని రాశావు. నీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ నీ సంసారంలోకి వచ్చిన మనిషి కాదు ఆమె. నీకన్నా ముందు అదే అత్తగారింట్లో ఉన్న మనిషి. కొడుకు ఖర్చుల కోసం కోర్టు వేసిన డబ్బు రాక, బాకీ వసూలు కోసం మళ్లీ కోర్టు మెట్లెక్కిన మనిషి. మనోవర్తి బాకీ పడితే నెల బాకీకి నెల దాకా జైలుకు పంపే అధికారం మేజిస్ట్రేట్‌కు ఉంది, జైలుకు వెళ్లొచ్చినా బాకీ తీరినట్టు కాదు. అంతదాకా ఈయన తెచ్చుకున్నాడంటే ఎన్ని నెలలు ఎగ్గొట్టి ఉంటాడో ఊహించు. అవే నెలల్లో మీ ఇంట్లో పాప పుట్టినరోజులు చేసుకుని ఉంటారు. ఇది నిన్ను నొప్పించడానికి కాదు, ఆయన స్వభావం ఎక్కడ బయటపడిందో చూపించడానికి చెబుతున్నాను. పెళ్లి దాచినందుకు భయం, సిగ్గు, తల్లిదండ్రుల ఒత్తిడి అని ఏదో ఒక కారణం చెప్పుకోవచ్చు. కన్నకొడుకు తిండికి డబ్బు పంపకపోవడానికి ఏ కారణం చెబుతాడు?

వీలైతే ఆమెతో ఒకసారి మాట్లాడు. నేరుగా ఆమె ఇంటికి వెళ్లకు, బంధువుల ద్వారా కబురు పంపకు. ఈ-కోర్ట్స్‌లో ఆమె లాయరు పేరు కనిపిస్తుంది, నీ లాయరు చేత ఫోన్ చేయించు. ‘నాకు తెలియదు, ఈ మధ్యే తెలిసింది’ అన్న ఒక్క ముక్కతో మొదలుపెడితే చాలు. ఆమె తలుపు వేసేసినా తప్పుపట్టకు. మాట్లాడితే మాత్రం ఆ పెళ్లి తేదీ, శుభలేఖ, ఫోటోలు, స్టాంపు కాగితం కథ అన్నీ ఒక్క పూటలో తేలిపోతాయి. ఇద్దరు ఆడవాళ్లూ ఎదురుపడకుండా చూసుకున్నంతకాలమే ఇలాంటి అబద్ధాలు నడుస్తాయి.

ఒక మాట ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి ప్రశ్నలు మగవాళ్ల నుంచీ వస్తాయి. ‘నా భార్యకు చిన్నప్పుడు బంధువు వల్ల అఘాయిత్యం జరిగిందట, నాకు చెప్పకుండా దాచింది’ అని మోసపోయినట్టు అడుగుతారు. అదీ ఇదీ ఒకటి కాదు. తనకు జరిగిన గాయాన్ని ఎవరికి, ఎప్పుడు చెప్పుకోవాలన్నది ఆ మనిషి ఇష్టం. తాను చేసిన పని వల్ల ఇంకొకరి జీవితం ఇంకా నలుగుతుంటే దాన్ని దాచడం వేరు. మొదటిదానికి ఓదార్పు కావాలి, రెండోదానికి లెక్క చెప్పాలి. దయచేసి ఈ రెంటినీ ఒక గాటన కట్టొద్దు.

రాబోయే రోజుల్లో జరిగేవి కొన్ని ముందే చెబుతాను. మీ అత్తగారు, మీ ఆయన మేనమామలు వచ్చి కూర్చుంటారు. ‘మగాడు, వయసులో ఏదో జరిగింది, నీకేం తక్కువ చేశాడు?’ అంటారు. తర్వాత ఒక కాగితం తీస్తారు. ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. తెల్లకాగితమైనా, ‘మొదటి పెళ్లి సంగతి నాకు ముందే తెలుసు’ అని రాసిందైనా. ఆ రెండో రకం కాగితమే నీ కేసును నిలువునా ముంచుతుంది. ఆయన ‘నువ్వు వెళ్లిపోతే చస్తాను’ అనవచ్చు. ఆ మాటను తేలిగ్గా తీసుకోకు, అలాగని దానికి లొంగిపోకు. వెంటనే ఆయన తమ్ముడినో స్నేహితుడినో పిలిపించి పక్కన కూర్చోబెట్టు. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు నీకూ పనికొస్తుంది. రాత్రుళ్లు నిద్ర లేక ఆయన పాత ఫోటోలు తిరగేస్తున్నానని రాశావు కదా, అలాగే కొనసాగితే పది రోజుల్లో మనిషివి కూలిపోతావు. చెయ్యి చేసుకున్నా, బెదిరించినా మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయి. హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రానికి పంపిస్తారు.

ఆయన ఫోన్‌లో మాట్లాడుతూ నిజం ఒప్పుకుంటే రికార్డు చేసి ఉంచు. భార్యాభర్తల మధ్య మాటల రికార్డింగును వారి మధ్య కేసులో సాక్ష్యంగా చూడవచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. రికార్డు చేసిన ఆ ఫోన్‌ని అమ్మకు, మార్చకు. నీ బంగారం నీ పేరు మీదున్న లాకర్లోకి మార్చు. ఫ్లాటు లోను మీ ఇద్దరి పేర్ల మీద ఉందన్నావు, ఆ పత్రాలు, నీ ఖాతా నుంచి కట్టిన వాయిదాల స్టేట్‌మెంటు తీసి పెట్టుకో. పాపకు ఇప్పుడే ఏమీ చెప్పకు. పెద్దవాళ్లు మాట్లాడేటప్పుడు మాత్రం పక్కింట్లో వదులు, ఆరేళ్ల పిల్లకు అన్నీ వినిపిస్తాయి.

నువ్వు నన్ను గుచ్చి అడిగావు, ‘మీ కూతురైతే ఏం చెప్పేవారు?’ అని. చెబుతాను. ఆయన కన్నీళ్లను చూసి తూకం వేయవద్దంటాను. ఆరు నెలలు దూరంగా ఉండి, ఆయన మొదట ఆ బాకీ కడతాడా లేదా చూడమంటాను. నెల నెలా ఆ పిల్లవాడికి డబ్బు పంపుతాడా, ఆమెకు ఇష్టమైతే పరస్పర అంగీకారంతో హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద విడాకులకు వెళ్తాడా, ఆమె షరతులు మర్యాదగా వింటాడా, మీ అమ్మానాన్నల ముందు తన తల్లి సాక్షిగా జరిగింది ఒప్పుకుంటాడా అని చూడమంటాను. ఆమె విడాకులకు ఒప్పుకోకపోవచ్చు, ఆ హక్కు ఆమెకు ఉంది. అప్పుడు ఆయన నీకు చట్టం ప్రకారం భర్త కాలేడు, దాన్ని బట్టి నువ్వు నిర్ణయించుకోవాలి. ఇవన్నీ చేసిన మనిషితో మళ్లీ పెళ్లి చేసుకుని కాపురం నిలబెట్టుకున్న అమ్మాయిని చూశాను. వాళ్లు బాగానే ఉన్నారు. కానీ నీకు క్షమాపణ చెప్పి, పూలు తెచ్చి, ఆ ఇంటి బాకీని మాత్రం అలాగే వదిలేస్తే ఆయన ఏమీ మారలేదని అర్థం. ఈ రోజు ఆమెకు చేసింది రేపు నీకు చేయడానికి ఆయనకు అడ్డేముంది?

లాయరుకు డబ్బు లేదని ఆగకు. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలి. ఖమ్మం కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. వెళ్లేటప్పుడు ఆ నోటీసు జిరాక్స్, మీ శుభలేఖ, పెళ్లి ఫోటోలు రెండు మూడు, పాప బర్త్ సర్టిఫికెట్, మీ ఇద్దరి ఆధార్ జిరాక్సులు, లోను కాగితాలు పట్టుకెళ్లు. అసలు కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వకు. నోటీసులో ఉన్న వాయిదా తేదీకన్నా ముందే వెళ్లు, ఎందుకంటే ఆ రోజు కోర్టులో ఆయన తన పెళ్లి గురించి ఏం చెబుతాడో నీ లాయరు అక్కడ ఉండి వినడం అవసరం.